ఆ డబ్బా మీద లాట్ నంబర్ ఎంత?

ప్రశ్న: నా వయసు 31. ఉద్యోగం చేసుకుంటూ ఒక ప్రొఫెషనల్ పరీక్షకి చదువుతున్నాను. సాయంత్రం అయ్యేసరికి బుర్ర మొద్దుబారిపోతోంది. నూట్రోపిక్స్ అనే మెదడు సప్లిమెంట్లు ఏకాగ్రతకి, జ్ఞాపకశక్తికి పనిచేస్తాయని చదివి ఆన్‌లైన్‌లో ఒక డబ్బా కొన్నాను. అందులో 14 పదార్థాలున్నాయి. నాలుగున్నర స్టార్లు, వేలకొద్దీ రివ్యూలు. డబ్బా మీద ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’, ‘జీఎంపీ’, ‘ల్యాబ్ టెస్టెడ్’ అని మూడు ముద్రలు కూడా ఉన్నాయి. ఇవన్నీ ఉత్త మోసం అంటాడు మా తమ్ముడు. తను మాత్రం ఏదో సైట్ నుంచి ఫెనిబట్ అనే పౌడర్ తెప్పించుకుని రెండు నెలలుగా దాదాపు రోజూ వేసుకుంటున్నాడు. టెన్షన్ తగ్గి నిద్ర బాగా పడుతోందట. ప్యాకెట్ మీద ‘మనుషుల వాడకానికి కాదు’ అని ఉంటే, అది చట్టం కోసం రాస్తారులే అని నవ్వేస్తాడు. మా ఇద్దరిలో ఎవరు కరెక్ట్? మీరు నమ్మే ఒక మంచి బ్రాండ్ పేరు చెబితే చాలు.

జవాబు:

ముందు మీ తమ్ముడి సంగతి. మీ డబ్బాకి తొందరేం లేదు, అతనికి ఉంది.

ఫెనిబట్ 1960ల్లో సోవియట్ యూనియన్‌లో తయారైన మందు. రష్యాలో ఇప్పటికీ మందుగానే వాడుతున్నారు. మెదడులో గాబా-బి అనే రిసెప్టర్ల మీద పనిచేసి ఆందోళన తగ్గిస్తుంది కాబట్టి అతనికి నిద్ర పడుతోందంటే ఆశ్చర్యం లేదు. చిక్కల్లా ఏమిటంటే, రోజూ వేసుకుంటే ఒళ్లు దానికి త్వరగా అలవాటు పడిపోతుంది. మొదట్లో సరిపోయిన మోతాదు తర్వాత చాలదు. ఒక్కసారిగా మానేస్తే నిద్ర పూర్తిగా పోవడం, ముందుకన్నా ఎక్కువ ఆందోళన, లేనివి కనిపించడం, కొందరికి ఫిట్స్ రావడం దాకా వెళ్లిన కేసులు వైద్య పత్రికల్లో ఉన్నాయి. అందుకని కంగారుపడి ఆ ప్యాకెట్ చెత్తబుట్టలో వేయకండి. ప్యాకెట్‌తో సహా అతన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి. రోజుకి ఎంత వేసుకుంటున్నాడు, ఎన్నాళ్లుగా, దాని మీద మద్యం గానీ నిద్రమాత్రలు గానీ పడుతున్నాయా, ఈ మూడూ దాచకుండా చెప్పమనండి. ఎలా తగ్గించుకుంటూ రావాలో వాళ్లు చూస్తారు. ఆస్ట్రేలియా 2018లో దీన్ని నిషేధిత పదార్థాల్లో చేర్చింది. సప్లిమెంట్లలో ఇది ఉండటానికి వీల్లేదని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కూడా తేల్చి చెప్పింది.

‘మనుషుల వాడకానికి కాదు’ అన్న మాట చట్టం కోసమేనని మీ తమ్ముడు అన్నాడు చూశారా, అందులో సగం నిజముంది. అది అమ్మేవాణ్ని కాపాడటానికి రాసిన మాట. మనుషులు మింగరు అని రాసిపెట్టాక, అందులో సీసం ఉందో లేదో, అసలు అది ఫెనిబట్టో కాదో చూడాల్సిన అవసరం అతనికి లేదు. పైగా పౌడర్. దాన్ని వంటింటి చెంచాతో కొలవడం ఎంత ప్రమాదమో 2014లో అమెరికాలో తెలిసొచ్చింది. స్వచ్ఛమైన కెఫీన్ పౌడర్ మోతాదు మించి ఇద్దరు యువకులు చనిపోయారు. ఒక్క టీస్పూన్ కెఫీన్ పౌడర్ దాదాపు 28 కప్పుల కాఫీతో సమానమని ఎఫ్‌డీఏ హెచ్చరించింది. ‘మాది శుద్ధమైన సరుకు’ అని అమ్మేవాడు గొప్పగా చెప్పుకునేది ఇలాంటిదే.

ఇక మీ డబ్బా.

బ్రాండ్ పేరు అడిగారు. చెప్పను. దాస్తున్నాననుకోకండి, చెప్పినా మీకు ఉపయోగం లేదు. ఈ రంగంలో బ్రాండ్ అంటే చాలాసార్లు ఒక లేబులూ, ఒక వెబ్‌సైటూ. క్యాప్సూల్ నింపేది వేరే ఫ్యాక్టరీ, ముడిసరుకు తెచ్చిచ్చేది ఇంకెవరో. ధర పెరిగిందనో సరుకు అందలేదనో వచ్చే ఏడాది ఆ ఇద్దర్నీ మార్చేస్తారు. డబ్బా మీద బొమ్మ మాత్రం అదే ఉంటుంది. పోయినేడు నేను కొన్నది బాగుందని మీకు చెబితే, నేను చెప్పింది పోయినేటి లాట్ గురించి, అంటే అప్పుడు ఒక విడతలో తయారైన సరుకు గురించి. కాబట్టి మీరు ‘ఏ బ్రాండ్’ అనే ప్రశ్న పక్కన పెట్టి ‘నా చేతిలో ఉన్న ఈ లాట్ గురించి వీళ్లు నాకు ఏం చూపించగలరు’ అని అడగడం మొదలుపెట్టండి.

ఆ మూడు ముద్రలు చూద్దాం. ‘ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్’ అంటే ఫలానా చోట మా ఫ్యాక్టరీ ఉందని వివరాలు నమోదు చేయించుకోవడం, అంతే. ఎఫ్‌డీఏ ఆ క్యాప్సూల్ని చూడలేదు, ఆమోదించలేదు. 1994లో అమెరికాలో వచ్చిన చట్టం ప్రకారం సప్లిమెంట్ అమ్మడానికి ముందు అది పనిచేస్తుందని ఎఫ్‌డీఏకి రుజువు చేయనక్కర్లేదు. సరిగ్గా ఉందో లేదో చూసుకునే బాధ్యత అమ్మేవాడిదే. ‘జీఎంపీ’ అంటే తయారీలో పాటించాల్సిన కనీస పద్ధతులు. అక్కడ 2007లో వచ్చిన నిబంధన ప్రకారం అవి ఎలాగూ తప్పనిసరి. బస్సు మీద ‘మా డ్రైవర్‌కి లైసెన్స్ ఉంది’ అని రాసుకున్నట్టుంటుంది. ‘ల్యాబ్ టెస్టెడ్’ అంటారా, ఏ ల్యాబ్, ఎప్పుడు, ఏ లాట్, దేనికోసం టెస్ట్ చేసింది అన్నవి లేకపోతే అది ఉత్త మాట.

విలువున్న ముద్రలు కొన్ని ఉన్నాయి. యూఎస్‌పీ వెరిఫైడ్, ఎన్ఎస్ఎఫ్ సర్టిఫైడ్ ఫర్ స్పోర్ట్, ఇన్ఫర్మ్‌డ్ స్పోర్ట్. బయటి సంస్థలు సరుకు తెప్పించుకుని పరీక్షించి ఇచ్చేవి ఇవి. అయితే ముద్ర బొమ్మని ఎవరైనా డబ్బా మీద అచ్చేసుకోవచ్చు కాబట్టి, ఆ సంస్థ సొంత సైట్‌కి వెళ్లి ఆ ఉత్పత్తి పేరు వెతకండి. అక్కడ లేకపోతే డబ్బా మీద ఉన్నా లేనట్టే.

ఇంకో మాట. ఈ ముద్రలు చెప్పేది లోపల ఉన్నది లేబుల్ మీద ఉన్నదేనని. అది పనిచేస్తుందని చెప్పవు. జ్ఞాపకశక్తికని అమ్మే జింకో అనే చెట్టు ఆకుల సారాన్నే తీసుకోండి. అమెరికాలో 75 ఏళ్లు పైబడిన 3,069 మందిలో కొందరికి రోజుకి 240 మిల్లీగ్రాముల అసలైన జింకో, కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చి దాదాపు ఆరేళ్లు గమనించారు. మతిమరుపు వ్యాధి రావడంలో ఏ తేడా లేదని 2008లో ఫలితం వచ్చింది. అంటే నూటికి నూరుపాళ్లు నిజాయితీగా తయారైన జింకో డబ్బా కూడా మీ పరీక్షకి ఒరగబెట్టేదేమీ ఉండకపోవచ్చు. నాణ్యత వేరు, ప్రయోజనం వేరు. అమ్మేవాళ్లకి ఈ రెండూ కలిపి చెప్పడం ఇష్టం.

మీ డబ్బా వెనక్కి తిప్పండి. 14 పదార్థాలన్నారు. వాటి పక్కన ఒక్కొక్కదానికీ మిల్లీగ్రాములు ఉన్నాయా, లేక అన్నీ కలిపి ‘ఫలానా మ్యాట్రిక్స్, 650 మి.గ్రా.’ అని ఒకే అంకె ఉందా? రెండోదే అయితే దాన్ని ప్రొప్రయిటరీ బ్లెండ్ అంటారు. విడివిడి మోతాదులు దాచుకోవడానికి చట్టం ఇచ్చిన వెసులుబాటు అది. కానీ అమెరికా లేబుల్ నిబంధన ప్రకారం బరువు ఎక్కువున్నది ముందు, తక్కువున్నది తర్వాత రాయాలి. దీంతో ఒక చిన్న లెక్క కట్టొచ్చు. జాబితాలో ఆరో స్థానంలో ఉన్న పదార్థం ఎంత ఎక్కువ ఉన్నా మొత్తంలో ఆరో వంతు దాటదు, ఎందుకంటే దానికి ముందున్న అయిదూ దానికన్నా తక్కువ ఉండకూడదు. 650ని ఆరుతో భాగిస్తే 108. ఆ ఆరోది బ్రాహ్మి అనుకోండి. బ్రాహ్మి మీద జరిగిన చాలా పరీక్షల్లో రోజుకి 300 మిల్లీగ్రాముల సారం దాదాపు 12 వారాలు ఇచ్చారు. మీకు దక్కేది బాగా ఆశగా లెక్కేసినా అందులో మూడో వంతు. మిగతావి ఏడు, ఎనిమిది, పద్నాలుగో స్థానాల్లో ఉన్నాయంటే అవి పేరు కోసం చల్లినవి. పెద్ద సైజు క్యాప్సూల్లో కూడా మామూలుగా ఒక గ్రాము లోపే పడుతుందని గుర్తు పెట్టుకుంటే, ‘ఒక్క మాత్రలో అన్నీ’ అనే ప్రకటనల్లో సగం చూస్తే మీకే నవ్వొస్తుంది.

బ్రాహ్మి మాట వచ్చింది కాబట్టి, ఆ పేరుతో రెండు వేర్వేరు మొక్కలు నడుస్తున్నాయి. ఒకటి బకోపా మొనియేరి. ఇంకోటి సెంటెల్లా ఏషియాటికా, మనం సరస్వతి ఆకు అనేది. పైన చెప్పిన పరీక్షలు బకోపా మీద జరిగినవి. లేబుల్ మీద శాస్త్రీయ నామం, ఆకా వేరా మొత్తం మొక్కా అన్నది, సారంలో ఏ పదార్థం ఎంత శాతం ఉందో రాయకుండా ‘బ్రాహ్మి’ అని ఒక్క ముక్క రాసేవాళ్ల దగ్గర నేనైతే కొనను. ‘10:1 సారం’ అని రాసేదీ పెద్దగా ఏమీ చెప్పదు. పది కిలోల ఆకు ఒక కిలో అయిందంటారు, ఆ కిలోలో పనికొచ్చేది ఎంత మిగిలిందో చెప్పరు.

అసలు పరీక్ష ఇప్పుడు. అమ్మినవాళ్లకి ఒక మెయిల్ రాయండి. ‘నా దగ్గరున్న డబ్బా లాట్ నంబర్ ఇది. ఈ లాట్ పూర్తయిన ఉత్పత్తి సీఓఏ పంపగలరా?’ సీఓఏ అంటే సర్టిఫికెట్ ఆఫ్ అనాలిసిస్, ల్యాబ్ రిపోర్ట్. ఇంతకన్నా ఒక్క ముక్క ఎక్కువ రాయకండి. జవాబు వస్తుందా, ఎలా వస్తుంది అన్నదాంట్లోనే చాలా తెలిసిపోతుంది.

నేను ఒకసారి ఇలాగే రాశాను. ‘మా ఉత్పత్తులు అత్యున్నత ప్రమాణాలతో...’ అంటూ నాలుగు పేరాలు, చివర్లో పదిహేను శాతం డిస్కౌంట్ కోడ్. నేను డిస్కౌంట్ అడగలేదు. మళ్లీ రాస్తే పీడీఎఫ్ వచ్చింది. తెరిచి చూస్తే రెండేళ్ల కిందటి తేదీ, నా డబ్బా మీద లేని లాట్ నంబర్, పైన ల్యాబ్ పేరు ఉండాల్సిన చోట ముడిసరుకు అమ్మిన కంపెనీ పేరు. అంటే పిండి అమ్మినవాడు తన పిండికి తనే ఇచ్చుకున్న కాగితం. క్యాప్సూల్లోకి ఏం వెళ్లిందో అది చెప్పదు. ఆ డబ్బా అలాగే అటక మీద ఉండిపోయింది.

మీకు రిపోర్ట్ వస్తే చూడాల్సింది ఇది. లాట్ నంబర్ మీ డబ్బాతో అక్షరం అక్షరం కలవాలి. ల్యాబ్ పేరు, అడ్రస్ ఉండాలి. ఆ ల్యాబ్‌కి ఐఎస్ఓ 17025 (పరీక్షలు సరిగ్గా చేయగలదని చెప్పే అంతర్జాతీయ ప్రమాణం) గుర్తింపు ఉందా, ఏ పరీక్షలకి ఉంది అన్నది గుర్తింపు ఇచ్చిన సంస్థ సైట్‌లో దొరుకుతుంది. మరీ అనుమానమొస్తే ల్యాబ్‌కే ఫోన్ చేసి రిపోర్ట్ నంబర్ చెప్పి ‘ఇది మీరిచ్చిందేనా’ అని అడగండి. నంబర్ మార్చిన పీడీఎఫ్ తయారు చేయడం పది నిమిషాల పని.

ఫలితాల వరుసలో ‘కన్ఫర్మ్స్’, ‘పాస్’ అని మాత్రమే ఉంటే అనుమానించండి. అంకెలుండాలి. సీసం, ఆర్సెనిక్, కాడ్మియం, పాదరసం ఎంతెంత, సూక్ష్మజీవులు ఎన్ని, లేబుల్ మీద చెప్పిన పదార్థం ఎంత దొరికింది. ఆ చివరిదాని పక్కన ఏ పద్ధతితో కొలిచారో కూడా రాస్తారు. అది అతి చిన్న అక్షరాల్లో ఉంటుంది, కానీ నేను ముందు చూసేది దాన్నే. బకోపాలో బకోసైడ్లు అనే పదార్థాల్ని యూవీ పద్ధతిలో కొలిస్తే అంకె పెద్దగా వస్తుంది, ఎందుకంటే అది వాటిని పోలిన ఇంకా ఎన్నింటినో కలుపుకుని లెక్కేస్తుంది. హెచ్‌పీఎల్‌సీతో ఒక్కొక్కటీ విడదీసి కొలిస్తే అదే పొడిలో అంకె చాలా తగ్గిపోతుంది. ‘50 శాతం బకోసైడ్లు’ అనే కంపెనీ, అంతకన్నా చాలా తక్కువ శాతం చెప్పే కంపెనీ, ఇద్దరూ ఒకే సరుకు అమ్ముతుండొచ్చు. పెద్ద అంకె చూసి కొనేవాళ్ల కోసమే ఆ పెద్ద అంకె.

పద్ధతి తప్పయితే నిర్దోషి కూడా దొంగగా కనిపిస్తాడు. 2015లో న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ ముఖ్య న్యాయాధికారి అయిన అటార్నీ జనరల్ పెద్ద పెద్ద దుకాణాల మూలికా సప్లిమెంట్లని డీఎన్ఏ పరీక్ష చేయించి చాలావాటిలో చెప్పిన మొక్కే లేదన్నారు. గొడవ పెద్దదయ్యాక కొందరు నిపుణులు అడ్డుపడ్డారు. సారం తీసే క్రమంలో మొక్క డీఎన్ఏ చాలావరకు చెడిపోతుంది, అది దొరకలేదంటే మొక్క లేదని కాదు అన్నారు. కాబట్టి యూట్యూబ్‌లో ఎవరో ఒక బ్రాండ్‌ని బట్టబయలు చేశానంటే, ఏ పద్ధతితో చేశారని అక్కడ కూడా అడగండి.

మీ తమ్ముడు ‘అన్నీ మోసం’ అనడం అతిశయోక్తే, కానీ ఊరికే అనలేదు. సప్లిమెంట్ల మీద పరిశోధన చేసే అమెరికా డాక్టర్ పీటర్ కోహెన్ బృందం నూట్రోపిక్స్ పేరుతో అమ్ముడయ్యే 10 ఉత్పత్తుల్ని పరీక్షించి 2020లో ఫలితాలు ప్రచురించింది. అమెరికాలో ఆమోదం లేని అయిదు మందులు వాటిలో దొరికాయి, ఫెనిబట్ అందులో ఒకటి. లేబుల్ మీద పరిమాణం రాసిన చోట నాలుగింట మూడు వంతులు తప్పే. కొన్నింటిలో సూచించిన ప్రకారం వేసుకుంటే మామూలు మందు మోతాదుకి నాలుగు రెట్ల దాకా ఒంట్లోకి వెళ్తుంది. ‘వేసుకున్న అరగంటలోనే తేడా తెలిసింది’ అని రివ్యూలు ఉన్న మూలికల డబ్బాని నేను అందుకే ఎక్కువ అనుమానిస్తాను. బ్రాహ్మి అరగంటలో అంత తేడా చూపించేది కాదు. చూపించిందంటే కెఫీన్ ఎంతుందో చూసుకోవాలి, లేదా లేబుల్ మీద లేనిదేదో ఉందేమో.

ఆ రివ్యూల సంగతి కూడా చెప్పాలి. 2023లో తప్పుడు ప్రకటనల మీద చర్య తీసుకునే అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, సప్లిమెంట్లు అమ్మే ద బౌంటిఫుల్ కంపెనీకి ఆరు లక్షల డాలర్లు కట్టమంది. బాగా అమ్ముడైన పాత ఉత్పత్తి పేజీకి కొత్తదాన్ని అందులోనే ఇంకో రకం అన్నట్టు తగిలించి, పాతదాని స్టార్లన్నీ కొత్తదానికి వచ్చేలా చేశారన్నది అభియోగం. మీరు కొన్న డబ్బా పేజీలో పాత రివ్యూలు తెరిచి చూడండి. ఎవరైనా జుట్టు గురించో కీళ్ల గురించో రాసి ఉంటే అర్థమైపోతుంది. 2019లో ఇంకో కేసులో ‘జీనియక్స్’ పేరుతో మెదడు మాత్రలు అమ్మినవాళ్లు వార్తల సైట్లలా కనిపించే పేజీలు పెట్టి బిల్ గేట్స్, ఇలాన్ మస్క్ ఇవే వాడతారని రాశారు. ‘టాప్ 10 నూట్రోపిక్స్’ జాబితాలు అంత ఘోరం కాకపోయినా, వాటిలో చాలావరకు ప్రతి లింకుకీ కమిషన్ తీసుకునేవే. ఒకటో స్థానం ఎవరికి దక్కిందో చెప్పనక్కర్లేదు.

‘క్లినికల్లీ ప్రూవెన్’ అని ఉంటే ఆ పరీక్ష ఏదో అడగండి. ప్రివజెన్ అనే జ్ఞాపకశక్తి మాత్రని ఇలాగే అమ్మారు. 218 మందితో పరీక్ష నిజంగానే జరిగింది. మొత్తం మీద చూస్తే అసలు మాత్రకి, ఉత్తుత్తి మాత్రకి తేడా రాలేదు. తర్వాత ఆ జనాన్నే ముప్ఫైకి పైగా రకాలుగా చిన్న చిన్న గుంపులు చేసి చూసి, ఎక్కడో కాస్త తేడా కనిపించిన చోటు పట్టుకుని ప్రచారం చేశారని ఎఫ్‌టీసీ, న్యూయార్క్ అటార్నీ జనరల్ కలిసి 2017లో కేసు వేశారు. 2024 డిసెంబర్‌లో గానీ ఆ ప్రచారం ఆపమని కోర్టు ఆదేశం రాలేదు. ఏడేళ్లపాటు టీవీలో ఆ ప్రకటన నడుస్తూనే ఉంది.

అమ్మేవాడి విషయానికొస్తే, బ్రాండ్ నిజమైనదే అయినా మీ చేతికొచ్చింది నకిలీ కావచ్చు. పెద్ద ఆన్‌లైన్ మార్కెట్లలో ఒకే పేజీ కింద చాలామంది అమ్ముతుంటారు. ‘సోల్డ్ బై’ అన్న చోట ఎవరి పేరుందో చూశారా? బ్రాండ్ పేరు కాకుండా ఎప్పుడూ వినని పేరుంటే, ఆ పేరు బ్రాండ్ సొంత సైట్‌లో అధీకృత విక్రేతల జాబితాలో ఉందో లేదో చూడండి. మామూలు ధరకన్నా బాగా తక్కువకి వస్తోందంటే లాభం ఎక్కడ మిగులుతోందో ఆలోచించాలి. ‘ఉచిత ట్రయల్, షిప్పింగ్ మాత్రం కట్టండి’ అంటే కార్డ్ నంబర్ ఇవ్వకండి. ప్రతి నెలా డబ్బు తీసుకునే చందా దాని కింద ఉంటుంది.

మీ డబ్బా లాట్ నంబర్ అడుగున గానీ, ఎక్స్‌పైరీ తేదీ పక్కన గానీ చుక్కల అక్షరాల్లో ఉంటుంది. మెయిల్ రాసి వారం ఆగండి, అప్పటిదాకా మూత తీయకండి. ఇప్పటికే మొదలుపెట్టి ఉంటే ఆపండి. బీపీకో డిప్రెషన్‌కో రక్తం పలచబడటానికో మందులు వాడుతుంటే మరీ ముఖ్యం. 14 పదార్థాల్లో ఏది దేనితో పేచీ పెట్టుకుంటుందో, మోతాదే రాయని లేబుల్ చూసి డాక్టర్ కూడా చెప్పలేరు. ఎలాగూ తమ్ముడితో డాక్టర్ దగ్గరికి వెళ్తున్నారు కదా, మీ సాయంత్రపు నీరసం గురించి కూడా అక్కడే అడగండి. థైరాయిడ్, ఐరన్, బి12 పరీక్షలు రాయొచ్చు, రాత్రి ఎన్ని గంటలు పడుకుంటున్నారని అడగొచ్చు. అపాయింట్‌మెంట్ ఈ వారమే తీసుకోండి. ముందు అతని పేరు మీద, తర్వాత మీది.